ఏటి వెంట నాలుగు రోజులు

కళింగపట్నం పేరు నాకు రేడియో నేర్పింది. తుఫాను రోజుల్లో ప్రాంతీయ వార్తల్లో ‘కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో వాయుగుండం కేంద్రీకృతమై ఉంది’ అని చదివేవాళ్ళు. తర్వాత ప్రమాద హెచ్చరిక నంబర్లు. గుంటూరులో మా ఇంటి పెంకుల మీద చినుకులు పడుతుంటే, ఆ ఊళ్ళో మనుషులు ఎలా ఉన్నారో అనుకునేదాన్ని. అక్కడ మామూలు రోజులు కూడా ఉంటాయని, ఎండ కాస్తుందని, పిల్లలు బడికి వెళ్తారని ఎందుకో తోచేది కాదు.

పెళ్ళయ్యాక తెలిసింది, అత్తయ్యది ఆ వైపేనని. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర, వంశధార ఒడ్డున ఒక పల్లె. పంతొమ్మిదో ఏట గుంటూరు కోడలై వచ్చింది. వచ్చిన కొత్తలో పెరట్లో ఎవరో పిలిస్తే ‘ఏమిటి’ అనకుండా ‘ఏటి?’ అందట. తోడికోడళ్ళు వారం రోజులు నవ్వుకున్నారట. ఈ సంగతి కూడా మామయ్య చెబితే తెలిసిందేగాని ఆవిడ చెప్పలేదు. నేను కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆవిడ నోట ‘ఏటి’ నేనెప్పుడూ వినలేదు.

మామయ్య పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక ఒకరోజు వంటింట్లో ఆనపకాయ తరుగుతూ, “శ్రీకూర్మంలో ఒక్క పిండం పెట్టిస్తే బాగుండు” అంది. మా ఆయన ఆ రాత్రే రైలు టిక్కెట్లు తీశాడు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని నేను ముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం కలిపాను. డిసెంబరు చివరి వారం. పిల్లవాడు హాస్టల్లో ఉన్నాడు. ముగ్గురమే బయల్దేరాం.

మొదటి రోజు

శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. తెల్లవారుజామున మంచులో దిగాం. స్వెట్టర్లు సంచి అడుగున ఉన్నాయి. ఆటో అతను టౌనుకి నాలుగు వందలన్నాడు. మా ఆయన మూడొందల యాభై అంటూ బేరం మొదలుపెట్టాడు. వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

“ఏటీ? నాలుగొందలే? నాకు తెల్దేటి బావూ, ఈ దూరం?”

ఆటో అతను ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, “ఎక్కండమ్మా” అన్నాడు. రెండొందలిచ్చాం. మా ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. అత్తయ్య మాత్రం ఏమీ జరగనట్టు శాలువా తలకు చుట్టుకుని ఆటోలో కూర్చుంది.

లాడ్జి కథ క్లుప్తంగా చెబుతాను. ఫోన్లో ముందే డబ్బు కట్టిన గది, అక్కడికి వెళ్తే ‘మీ పేరు మాకు రాలేదు’ అన్నారు. గంట సేపు మెట్ల మీద కూర్చుని, చివరికి మూడో అంతస్తులో గీజరు పనిచెయ్యని గది సంపాదించాం. కుర్రాడు బకెట్లతో వేణ్ణీళ్ళు మోశాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందురోజు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఆ రోజు ఆదివారం. సూర్యుడి వారం, సూర్యుడి గుడి. అరసవల్లి క్యూ గురించి వేరే చెప్పక్కర్లేదు. కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెప్పే గుడి ఇది. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దుటి ఎండ నేరుగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. మేం వెళ్ళింది డిసెంబరులో కాబట్టి మాకు దక్కింది ముందువాళ్ళ వీపులు, అర నిమిషం దర్శనం. అత్తయ్య మాత్రం తృప్తిగా బయటికొచ్చింది. చిన్నప్పుడు కంటిజబ్బు చేస్తే వాళ్ళ నాన్న ఇక్కడికే మొక్కుకున్నాడట.

శ్రీకూర్మం వేరే సంగతి. అక్కడ ఎవరూ తోసుకోరు. విష్ణువు తాబేలు రూపంలో ఉన్న గుడి. స్వామి పడమటి వైపు చూస్తుంటాడు కాబట్టి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఎదురుగా శ్వేత పుష్కరిణి. పురోహితుడు మా ఆయన చేత నువ్వులు, నీళ్ళు విడిపించి, గోత్రం అడిగి, మూడు తరాల పేర్లు చెప్పమన్నాడు. తాత పేరు దాకా వచ్చి ముత్తాత పేరు దగ్గర మా ఆయన ఆగిపోయాడు. పక్కనుంచి అత్తయ్య అందించింది. పుట్టింటివాళ్ళ పేర్లు కాదు, అత్తింటి పేర్లు. తనని చూసి నవ్విన ఇంటివాళ్ళ పేర్లు ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తులేవు.

తంతు అయ్యాక తాబేళ్ళ దగ్గరికి వెళ్ళాం. వీపు మీద నక్షత్రాల్లాంటి పసుపు గీతలున్న తాబేళ్ళు, గుడి ఆవరణలోనే పెంచుతున్నారు. ఒకామె తోటకూర కట్ట తెచ్చి విప్పింది. ఒక తాబేలు మెడ చాచి, ఆకు అంచు పట్టుకుని, ముందు కాలితో తొక్కి, తల వెనక్కి లాగింది. ఆకు చిరగలేదు. మళ్ళీ అదే పని. నాలుగోసారికి చిరిగింది. మేం ముగ్గురం ఆ ఒక్క ఆకు పూర్తయ్యేదాకా నిలబడ్డాం. ఈలోపు ఇంకో తాబేలు మిగిలిన కట్ట మీదికెక్కి కూర్చుంది.

ఈ గుడిలో అందరూ చూసేది గోడల మీది రంగుల బొమ్మలు. అవి బాగానే ఉన్నాయి, చాలాచోట్ల పెచ్చులూడాయి. నన్ను పట్టుకున్నవి మాత్రం స్తంభాలు. నల్లరాతి స్తంభాల నిండా కింది నుంచి పై దాకా తెలుగు శాసనాలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు 1281లో ఇక్కడ యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించినట్టు చెప్పే శాసనం ఈ క్షేత్రానిదే. నాకు అన్నీ చదవడం రాదు. వేలు పెట్టి కూడబలుక్కుంటే ఒకచోట ‘శక’ దొరికింది, ఇంకోచోట ‘దీప’ దొరికింది. ఎక్కువ భాగం ఇలాంటివేనట, ఫలానా వాళ్ళు ఫలానా పుణ్యం కోసం అఖండ దీపానికి ఇన్ని మాడలు (బంగారు నాణేలు), ఇన్ని ఆవులు ఇచ్చారని. మనం గుడి ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాయిస్తే నవ్వుకుంటాం. 700 ఏళ్ళ క్రితం కూడా అదే పని, కాకపోతే చేతిరాత బాగుంది.

రాత్రి టౌన్లో మెస్సులో తిన్నాం. అన్నం, పప్పు, ఉల్లిపాయ పులుసు. పులుసు తీపిగా ఉందని మా ఆయన మొహం పెట్టాడు. అత్తయ్య రెండోసారి వేయించుకుంది.

రెండో రోజు

పొద్దున్నే కారు మాట్లాడుకున్నాం. నరసన్నపేట దాటి వంశధార దగ్గరపడేసరికి రోడ్డుకి రెండు వైపులా కోసిన వరి పొలాలు, కుప్పలు, మధ్యలో తాటిచెట్లు. అత్తయ్య కారు అద్దం దించి కూర్చుంది. ప్రతి మలుపుకీ ఏదో ఒకటి చెబుతోంది. ఇక్కడ సంత జరిగేది, ఇక్కడ బండి బోల్తా పడింది, ఇక్కడ చింతచెట్టు ఉండాలి కదా. చింతచెట్టు లేదు. సెల్ టవర్ ఉంది.

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, గొట్టా దగ్గర బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. డిసెంబరులో ఏరు సన్నబడి, ఇసుక ఎక్కువగా, నీళ్ళు తక్కువగా కనిపిస్తాయి. ముఖలింగం ఆ ఏటికి ఎడమ గట్టున ఉంది. ఇప్పుడు మామూలు పల్లెటూరు, ధాన్యం ఆరబోసిన వీధులు. ఒకప్పుడు ఇది, పక్కనున్న నగరికటకం కలిసి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు ఒడిశాలోని కటకానికి (కటక్) రాజధాని మార్చాక ఈ ఊరి దశ మారింది. పూరీ జగన్నాథుడి పెద్దగుడి కట్టడం మొదలుపెట్టింది ఆ చోడగంగే. ఆ గుడి చూసి ఈ గుడి చూస్తే పోలిక తెలుస్తుంది. శిఖరం అదే తీరు, ఓ పెద్ద తామర మొగ్గను నిలబెట్టినట్టు.

మూడు గుళ్ళు, మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు. పెద్దది మధుకేశ్వరాలయం. లింగం చెక్కింది కాదు, ఇప్పచెట్టు మొదలే రాయైందని స్థలపురాణం. సవర నాయకుడి ఇద్దరు భార్యలు ఇప్పపూల కోసం తగువులాడుకుంటే, అతను విసిగిపోయి చెట్టు నరికాడట. నరికిన మొదలులో శివుడి ముఖం కనిపించిందట. లింగం వెనకాల ఓ పెద్ద మట్టి గోలెం ఉంది. పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి తెచ్చిందని చెబుతారు. అంత గోలెం ఆ ద్వారంలోంచి లోపలికి ఎలా వెళ్ళిందని మా ఆయన లెక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. పూజారి నవ్వి, “అందరూ అదే అడుగుతారు” అన్నాడు.

నాకు సోమేశ్వరాలయం ఎక్కువ నచ్చింది. ఊరి మొదట్లోనే, ముందు మంటపం లేకుండా, ఒక్క గర్భగుడి శిఖరంతో నిలబడి ఉంటుంది. ద్వారానికి పక్కన గంగ, యమున. చుట్టూ గోడల మీద బొమ్మలు ఎంత లోతుగా చెక్కారంటే పదకొండు గంటల ఎండకి ఒక్కో బొమ్మకీ దాని నీడ విడిగా కనిపిస్తోంది. మేం ఉన్న గంటలో అక్కడికి వచ్చింది ఇద్దరే, ఒక మేకలవాడు, ఒక బైకు కుర్రాడు. కుర్రాడు సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇదే గుడి వేరే రాష్ట్రంలో ఉంటే టిక్కెట్టు కౌంటరు, కొబ్బరిబోండాల వరస ఉండేవి. ఉండకపోవడం వల్ల మాకు హాయిగానే ఉంది. ఊరివాళ్ళకి మాత్రం ఆ హాయి వల్ల ఏమీ రాదు.

ముఖలింగం పక్కనే పర్వతాలపేట. 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టిన ఊరు. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ తారీకునే. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్నప్పుడు సెలవుల్లో ఇక్కడికి వచ్చి ఈ గుడి శాసనాలు చదవడం తనకు తానే నేర్చుకున్నాడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. బడి పుస్తకాల్లో గ్రాంథికం వద్దు, మనుషులు మాట్లాడే తెలుగు కావాలని జీవితమంతా పోట్లాడాడు. ఈ సంగతులు కారులో చెబుతుంటే అత్తయ్య, “మా ఊళ్ళో తెలుగు కూడా పనికొస్తదన్నాడా ఆయన?” అంది. అన్నాడో లేదో నేను చెప్పలేకపోయాను. ఆయన వాడుక భాష అన్నప్పుడు చదువుకున్న శిష్టుల వాడుకనే మనసులో పెట్టుకున్నాడు. అత్తయ్యకి ఆ ముక్క చెప్పబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం అత్తయ్య అన్నయ్యగారింటికి చేరాం. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అరుగు మీంచి లేచి, “ఓలే చెల్లీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినామేటే?” అన్నాడు. అంతే. అక్కడి నుంచి సాయంత్రం దాకా అత్తయ్య మాటల్లో నాకు సగం అర్థం కాలేదు. ‘లేదు’ పోయి ‘నేదు’ వచ్చింది. ‘వెళ్తున్నాను’ పోయి ‘ఎల్తన్నాను’ వచ్చింది. గొంతు కూడా మారింది, మాట చివర పైకి లేస్తోంది. నవ్వుతూ వదినగారి వీపు మీద చరిచింది. మా ఇంట్లో ఆవిడ ఎవరి వీపూ చరచలేదు.

ఇక భోజనం. ముందు కంచు గిన్నెల్లో చోడంబలి, పచ్చి ఉల్లిపాయ, వేయించిన మిరపకాయ. మనం రాగులంటాం, వీళ్ళకి చోళ్ళు. ఆ అంబలి రాత్రి వండి, పొద్దుటికి పులిసి, అందులో మజ్జిగ పోసి కలిపినది. గొంతులో చల్లగా, వాసన కొద్దిగా పులుపుగా. తర్వాత ఆనపకాయ నువ్వుపిండి కూర. గుంటూరులో నేను సొరకాయ అంటే పద్దెనిమిదేళ్ళుగా అత్తయ్య ఆనపకాయే అంటోంది. ఆ ఒక్క మాట ఎందుకు వదల్లేదో ఆ కూర తిన్నాక అర్థమైంది. ముక్కలు మెత్తగా ఉడికి, నువ్వుపిండి నూనె వదిలి, చివర కొంచెం బెల్లం. చివరగా ఎండు నెత్తళ్ళు, వంకాయ. వంకాయ పచ్చివాటిని కోసి పులుసులో వేసి, నెత్తళ్ళు విడిగా వేయించి, దించే ముందు కలుపుతారు. ఇల్లంతా ఆ వాసన. మా ఆయన ముక్కు మూసుకుని మొదలుపెట్టి, మూడోసారి అన్నం కలుపుకున్నాడు.

బయల్దేరుతుంటే వదినగారు బుడితి కంచు చెంబు చేతిలో పెట్టింది. బుడితి ఇక్కడికి దగ్గర్లోనే, కంచు, ఇత్తడి సామాన్లకి పేరు. ఆ చెంబు అత్తయ్య వాళ్ళ అమ్మదట. ఇద్దరూ ‘వద్దు’, ‘తీసుకో’ అని పావుగంట దెబ్బలాడుకున్నారు. చెంబు కారెక్కింది.

మూడో రోజు

శాలిహుండం చిన్న కొండ. కింద వంశధార, పైన ఇటుకలు. మెట్లున్నాయి. అత్తయ్య మోకాళ్ళు అడ్డం తిరిగాయి. కింద చెట్టు నీడన మేకలు కాసే ముసలామె పక్కన కూర్చుంది. మేం ఎక్కాం.

1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని గుర్తించిందీ గిడుగు రామమూర్తే. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు, ధాతువులు (అస్థికలు) దాచిన కరండాలు (భరిణెలు) బయటపడ్డాయి. క్రీస్తుకి ముందు కాలం నుంచి వెయ్యేళ్ళకి పైగా ఇక్కడ భిక్షువులున్నారు. బుద్ధుడి బొమ్మ లేని కాలపు స్తూపాలూ ఇక్కడే, తర్వాతి కాలపు వజ్రయాన బౌద్ధంలోని తార, మారీచి లాంటి దేవతల విగ్రహాలూ ఇక్కడే. ఒకే కొండ మీద ఒక మతం వయసంతా కనిపిస్తుంది.

స్తూపం పునాది చూస్తే బండి చక్రం. మధ్యలో కుండ, చుట్టూ ఇటుకతో కట్టిన చక్రపు ఆకులు, బయట అంచు. ఆకుల మధ్య మట్టి నింపి పైకి కట్టేవారు. ఇటుక మీద చెయ్యి పెట్టి చూశాను. నా అరచెయ్యి, వేళ్ళూ కలిపి పెట్టినా ఇటుక ఇంకా మిగిలింది. అంచుల్లో ఊక కాలిపోయిన చిల్లులు. మట్టిలో వరి ఊక కలిపి కాల్చారు. ఆ ఊక ఈ ఏటి గట్టు పొలాలదే అయ్యుండాలి. పక్క పొలంలో వరి నూర్చే మిషను చప్పుడు వినిపిస్తోంది.

కొండ మీంచి చూస్తే ఏరు వంపు తిరిగి తూర్పుకి పోతోంది, ఆ చివర తెల్లగా మెరుస్తున్న గీత సముద్రం. భిక్షువులు ఈ కొండ ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే చాలు. కింద రేవు, వచ్చేపోయే ఓడలు, బియ్యం ఇచ్చే ఊళ్ళు. పైన గాలి, నిశ్శబ్దం. భిక్షకి నడిచివెళ్ళేంత దూరం, ధ్యానానికి సరిపడేంత ఎడం.

దిగేసరికి అత్తయ్య చేతిలో కాల్చిన తేగలు. మేకలామె ఇచ్చిందట. డబ్బిస్తే పుచ్చుకోలేదట. తేగ తొక్క ఒలిచి, పీచు లాగి, మధ్యలో చందమామ అనే లేత ఆకుని నాకిచ్చింది. ఆ మేకలామెకి అక్కడ తవ్విందేంటో తెలుసా అని అడిగాను. “బుద్దుడి బంగళా అంటాది” అంది అత్తయ్య.

కళింగపట్నం చేరేసరికి మధ్యాహ్నం. నా రేడియో ఊరు. లైట్‌హౌస్, విశాలమైన ఇసుక, వంశధార సముద్రంలో కలిసే మొగ. ఇంగ్లీషువాళ్ళ రోజుల్లో ఇది రేవు, ఓడలొచ్చేవి. ఇప్పుడు తెప్పలు, ఫైబర్ బోట్లు. వాతావరణం అంత ప్రశాంతంగా ఉంది, ఇక్కడికి వాయుగుండం ఎప్పుడైనా వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. కాని అలలు మాత్రం ఊరుకునేవి కావు. కెరటం వెనక్కి వెళ్తూ కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. నా ఎడమ చెప్పు మొదటి ఐదు నిమిషాల్లో పోయింది. ఈత వచ్చినా ఇక్కడ దిగకండి.

కొంచెం దూరంలో పెద్దవల లాగుతున్నారు. పడవలో వెళ్ళి సముద్రంలో వలని అర్ధచంద్రంలా వేసి, రెండు చివర్ల తాళ్ళు ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకి పది పదిహేనుమంది. నడుముకి తాడు తగిలించుకుని, వెనక్కి వాలి, ఒక్కో అడుగు వెనక్కి. రెండు గుంపులూ లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. మా ఆయన ఉత్సాహం ఆపుకోలేక ఒక తాడు పట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. పది నిమిషాలకి అరచేతులు ఎర్రగా చూపిస్తూ వచ్చేశాడు. గంట తర్వాత వల సంచి ఒడ్డెక్కింది. నిండా వెండి. నెత్తళ్ళు, కవళ్ళు, రెండు చిన్న చందువాలు, బోలెడు జెల్లీ చేపలు. ఆడవాళ్ళు అప్పటికే గంపలతో చుట్టూ మూగారు. వేలం పాట మొదలైంది, ముగిసింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంతమంది గంట సేపు లాగిన దానికి వచ్చింది ఇంతేనా అనిపించింది.

తాడు చుడుతున్న ఒక నడివయసాయన్ని అదే అడిగాను. “మా గుంటలందరూ గుజరాతులో ఉన్నారమ్మా. ఇక్కడ ముసిలోళ్ళమే లాగతన్నాం” అన్నాడు. ఈ జిల్లా తీరంలో పెద్ద బోట్లకి సరైన రేవులు లేక, కుర్రాళ్ళు వేరావల్ వెళ్ళి అక్కడి బోట్లలో కూలికి చేరతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాను జలాల్లోకి పోయారని పట్టుబడి, అక్కడి జైల్లో మగ్గి, 2020 జనవరిలో ఇల్లు చేరారు. ఎక్కువమంది ఈ తీరపు ఊళ్ళవాళ్ళే. ‘మీకు తెలిసినవాళ్ళున్నారా’ అన్నాను. ఆయన తాడు చుట్టడం ఆపలేదు. “ఉంటారు కదమ్మా” అన్నాడు.

ఆడవాళ్ళ దగ్గర కవళ్ళు కొన్నాం. రోడ్డు పక్క పాకలో ఒకామె శుభ్రం చేసి, పసుపు, కారం, ఉప్పు పట్టించి, పెనం మీద వేయించి పెట్టింది. కవళ్ళకి ముళ్ళెక్కువ. నేను ఒక్కో ముల్లూ ఏరుకుంటూ కూర్చుంటే అత్తయ్య మూడు చేపలు తినేసి, వెన్నుముళ్ళు మూడూ దువ్వెనల్లా ఆకు అంచున వరసగా పెట్టింది.

నాలుగో రోజు

గది ఖాళీ చేసి, సామాన్లు కార్లో వేసుకుని ఉత్తరానికి బయల్దేరాం. సాయంత్రం పలాసలో రైలు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఊళ్ళో చింతచెట్ల మీద, తుమ్మల మీద గూళ్ళు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల నుంచి పేపర్ల దాకా రాసేస్తారు. నిజానికి గూడబాతు మన దేశపు పక్షే, అంత దూరం నుంచి రావలసిన పని లేదు. ఊరివాళ్ళకి ఆ గొడవ లేదు. వాళ్ళకి ఇవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. ఏ ఏడైనా రాకపోతే ఊరికి అరిష్టం. ఒక గూట్లో రెండు పిల్లలు, తల్లి నోట్లోకి సగం దూరిపోయి చేప లాక్కుంటున్నాయి. కింద వాకిట్లో ఒకామె పక్షుల రెట్టలు కడుగుతూ విసుక్కుంటోంది. ఆడపడుచులతో ఆ మాత్రం విసుగు ఉంటుంది.

నౌపడ ఉప్పు మడుల్లో ఇంకా ఉప్పు పట్టలేదు. నీళ్ళు నిలిచి ఆకాశం పడి ఉంది. ఆగకుండా దాటేశాం.

పలాసలో జీడిపప్పు కొనకుండా ఎవరూ రారు. దుకాణం వెనకాలే పిక్కలు కోసే షెడ్డు ఉంటే, లోపలికి రావచ్చా అని అడిగాను. వరసగా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు కాలితో తొక్కే చిన్న మిషను. పిక్కని రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలు నొక్కితే రెండుగా విడుతుంది. పుల్లతో లోపలి పప్పు తియ్యాలి. పప్పు విరక్కుండా తీస్తే గుండు, విరిగితే బద్ద. ధర ఆ విరుపులోనే ఉంది. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఒకామె వేళ్ళు చూపించింది. చివర్లు నల్లగా, గీతలు అరిగిపోయి ఉన్నాయి. “ఆధారు మిషనుకి నా వేలు పడదమ్మా” అని నవ్వింది. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను కిలో గుండ్లు కొన్నాను. ధర ఎక్కువని బేరమాడదామని లోపలికి రాకముందు అనుకున్న మాట నోటికి రాలేదు.

పలాస నుంచి బారువ దాకా దారంతా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. తలలు విరిగిన కొబ్బరి మొండేలు ఇప్పటికీ అక్కడక్కడా నిలబడి ఉన్నాయి, పక్కన లేత మొక్కలు. ఇంకో బాధ కంటికి కనిపించదు. ఈ పచ్చటి ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో తెరిచారు. అత్తయ్య పినతల్లి కొడుకు ఒకాయన ఇక్కడే కంచిలి దగ్గర ఉండేవాడు. ఉండేవాడు అని ఆవిడే అంది.

బారువ సముద్రం అన్నిటికన్నా బాగుంది. కొబ్బరితోట ఇసుకలోకి నడిచొచ్చినట్టు ఉంటుంది. పడమట మహేంద్రగిరి నీలంగా. జనం లేరు. ముగ్గురం ఒక బోర్లించిన పడవ నీడలో కూర్చుని మందస కోవా తిన్నాం. ఆకులో చుట్టి ఇచ్చారు. పాల వాసన తప్ప ఇంకేదీ లేదు అందులో. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నీళ్ళు పాదాలకి తగిలితే చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి, అలాగే నిలబడింది.

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. విజయనగరంలో టీ కుర్రాడు ఎక్కాడు. “ఏటి బావూ, అల్లం టీయేనా?” అంది అత్తయ్య. వాడు, “అల్లమేనమ్మా, తాగి సూడండి” అన్నాడు. ఇద్దరూ కాసేపు ముఖలింగం తిరనాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. వాడిదీ ఆ వైపేనట.

రాజమండ్రి దాటాక, అర్ధరాత్రి ఇంకో టీ కుర్రాడు వచ్చాడు. అత్తయ్యకి నిద్రపట్టినట్టు లేదు. లేచి, ఒళ్ళోని కంచు చెంబు జాగ్రత్తగా సంచిలో పెట్టి, “టీ ఎంతండీ?” అంది.